జర్మనీ గది, ఎడారి బావి

మా ఆవిడ డాబా మీద టమాటా మొక్కలు పెంచుకుందామని ఫోనులో గోనె సంచులు తెప్పించింది. అవి అరసవల్లిలో మా ఇంటికి రావాలి. చీపురుపల్లికి వెళ్లాయి. ఎప్పుడో మా పినతండ్రి కొడుక్కి ఏదో బహుమానం పంపుతూ నేనే ఆ చిరునామా ఫోనులో ఎక్కించానట. నేను మరిచిపోయాను, ఫోను మరిచిపోలేదు. ఆ తమ్ముడు ఇప్పుడు ఆ ఊళ్లో లేడు కనక సంచులు అక్కడి పార్సిలు గొడౌనులో ఉండిపోయాయి. ఊరుకుంటే అవే వెనక్కి వెళ్లిపోతాయనీ, డబ్బు తిరిగొస్తుందనీ ఇంట్లో అందరూ చెప్పారు. గడువుకి ముందే రిటైరైన మనిషి రైలెక్కడానికి ఇంతకన్నా గౌరవమైన కారణం దొరకదన్న సంగతి వాళ్లకి చెప్పకుండా, ఆమదాలవలసలో పాసింజరెక్కి చీపురుపల్లిలో దిగాను.

పార్సిలు గొడౌను ఎక్కడని స్టేషను బయట ఆటో అతన్ని అడిగితే చెయ్యి చాపి చూపించాడు. ఆ చెయ్యి ఎటు తిరిగిందో చూశాక నాకు ఆటో అక్కర్లేకపోయింది. అది మా గొడౌనే. మా తాత నార గొడౌను. మా చేతుల్లోంచి పోయి చాలాకాలమైంది. పైకప్పు మార్చారు, చెక్క తలుపులు తీసేసి షట్టరు పెట్టారు, గోడలకి నీలం రంగు వేశారు. లోపల గోడల పొడుగునా అట్టపెట్టెలు, ఒకదాని మీద ఒకటి. కౌంటరు దగ్గరున్న అమ్మాయి తలెత్తకుండానే "ఓటీపీ సెప్పండంకుల్" అంది. ఓటీపీ మా ఆవిడ ఫోనుకి పోతుంది. మా ఆవిడ ఫోను మధ్యాహ్నం పూట ఆవిడతోపాటే నిద్రపోతుంది. ఆవిడ లేచేవరకూ కూర్చోమని ఆ అమ్మాయి ఒక స్టూలు చూపించింది.

బయట సన్నగా వాన మొదలైంది. కాసేపటికి గోడ చెమ్మ తాగింది. ఆ నీలం రంగు కిందినుంచి, సిమెంటు పూత కిందినుంచి ఒక వాసన బయల్దేరింది. మొదట ఉందా లేదా అన్నట్టు, తర్వాత ఉన్నట్టే. "మురిక్కాలవ అంకుల్. వానొస్తే వస్తాది. కంప్లయింటెట్టేం" అంది ఆ అమ్మాయి, అదేదో తన తప్పయినట్టు. కాలవ కాదని నేను చెప్పలేదు. ఆ వాసన పేరు గోగు. నేను చదువుకున్న చదువూ, తిన్న తిండీ, మా మామ్మ మెడలో గొలుసూ అన్నీ అందులోంచి వచ్చినవే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఆకు కోసి పులుసు పెట్టుకునే గోగే ఇది. వానలు పడగానే మెట్ట భూముల్లో చల్లితే, మనిషిని మించి ఎదిగి పూతకొస్తుంది. కోసి, కట్టలు కట్టి, ఊరి గుంటల్లో మునిగేలా బరువు పెట్టి కుళ్లబెడతారు. కుళ్లాక మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్క కర్ర నుంచీ నార ఒలుస్తారు. ఉతికి, రైలు కంచెల మీదా రోడ్డు పక్క తాళ్ల మీదా ఆరేస్తారు. మిగిలిన కర్రలు పొయ్యిలోకి. ఆకు తిని, తోలు అమ్మి, ఎముకలు కాల్చుకునే పంట అన్నమాట. ఆ కుళ్లు వాసన దసరా దాటాక ఊరి మీదికి వచ్చి చలికాలం సగం వరకూ ఉండేది. విశాఖపట్నం చుట్టాలు ఆ నెలల్లో మా ఇంటికి వచ్చేవారు కాదు. అది మా మామ్మకి పంట వల్ల కలిగిన రెండో లాభం. మాకు మాత్రం ఆ వాసన తెలిసేది కాదు. తాతకి తెలిసేది. ఆయన పొద్దున్నే అరుగు మీదికి వచ్చి గట్టిగా ఊపిరి పీల్చి, ఎవరి గుంట ఎంతవరకూ పండిందో చెప్పేవాడు.

మా నాన్న రైల్వేలో కొత్తవలసలో ఉండేవాడు. ఎర్రమట్టిలా ఇనప ఖనిజం నింపుకుని కొండలమీంచి దిగే గూడ్సు బళ్లకి జెండా ఊపడం ఆయన ఉద్యోగం. ఆ ఖనిజం జపాను పోతుందనేవాడు. అక్కడ బడి బాగాలేదని నన్ను చీపురుపల్లిలో తాత దగ్గర ఉంచాడు. జపానుకి ఇనుము పంపే కొడుకూ, లోకానికి గోనెలు పంపే తండ్రీ కలిసిన రోజున మా ఇంట్లో భోజనాల దగ్గర మాటలన్నీ విదేశీ వ్యవహారాలే. వాళ్లిద్దరూ మాత్రం కొత్తవలస దాటి ఎరగరు.

ఇల్లంతా నారే. గుమ్మంలో గోనె, నీళ్లగది తలుపు గోనె, మంచానికి నారతాడు, తాత రేడియోకి మామ్మ కుట్టిన గోనె తొడుగు. ఇంకో విచిత్రం మా ఇంటి గదుల పేర్లు. మేడ మీది గది పేరు జర్మనీ. తాత కొత్తగా పెళ్లయిన రోజుల్లో పెద్ద యుద్ధం వచ్చి, ప్రపంచంలో ఉన్న సిపాయిలందరికీ ఇసక బస్తాలు కావలసి వచ్చి, నార ధర ఎక్కడికో పోయిందట. ఆ డబ్బుతో మా ముత్తాత మేడ మీద ఆ గది వేశాడు. తర్వాత ఇంకో యుద్ధం పుణ్యమా అని వంటింటికి పెంకులు పడ్డాయి, దాని పేరు కొరియా. మాకు ఇందులో నవ్వేదేమీ ఉండేది కాదు. "జర్మనీలో ఊరగాయ జాడీ ఉంది, తెచ్చి కొరియాలో పెట్టరా" అని మామ్మ చెబితే నేను తెచ్చి పెట్టేవాణ్ణి. బళ్లో భూగోళం మాస్టారు జర్మనీ ఎక్కడుందని అడిగినప్పుడు మేడ మీద అని చెప్పి దెబ్బలు తిన్నానని తాత అందరికీ చెప్పేవాడు. అది నిజం కాదు. కానీ ఆయన అంత సంతోషంగా చెబుతుంటే నేను కాదనలేదు, ఇప్పటికీ అనడం లేదు.

రాత్రి అన్నాల వేళ రేడియో వార్తలు. ఆ పావుగంట కంచాల చప్పుడు కూడా ఉండకూడదు. తాత చదువు అయిదో తరగతి. ఢిల్లీలో ఏ మంత్రి ఉన్నాడో ఆయనకి పట్టేది కాదు. ఆయన వినేవి రెండే విషయాలు: ఎక్కడ యుద్ధం, బంగ్లాదేశ్‌లో ఎక్కడ వరద. ఆ దేశం నిండా మన గోగులాంటి జనపనార పంటే. వాళ్ల పొలాలు మునిగిన ఏడు ఓడలన్నీ మనవైపు తిరిగేవి. వరద వార్త వచ్చిన రాత్రి తాత మజ్జిగ ఇంకోసారి పోసుకునేవాడు. మామ్మ మాత్రం కంచం ముందునుంచి లేచిపోయి, దేవుడి గూట్లో ఇంకో వత్తి వెలిగించి వచ్చేది. ఎవరికోసమని నేను అడిగితే, ఆ ఊళ్ల పేర్లు తనకి తెలియవనీ, దేవుడికి తెలుస్తాయనీ అనేది. ఒకసారి తాత ముఖమ్మీదే అంది:

"ఆళ్ల కొంపలు ములిగితే మన కొంప తేలడమేటండీ? ఇదేం బతుకండీ."

"నానేటి ముంచేనా? వాన ముంచింది" అన్నాడు తాత. మజ్జిగ మాత్రం వదిలేశాడు.

నేను అప్పటికి విజయనగరంలో డిగ్రీ చదువుతూ రోజూ రైల్లో వెళ్లివస్తుండేవాణ్ణి. అర్థశాస్త్రం చదువుతున్నాను కనక నాకు అన్నీ తెలుసని తాత అనుకునేవాడు. నేనూ అదే అనుకునేవాణ్ణి. ఆ ఏడు వానాకాలంలో, దూరంగా చమురు దేశాల్లో ఒకడు ఇంకొకడి దేశంలోకి సైన్యం తోలాడని రేడియో చెప్పింది. పెద్ద దేశాలన్నీ అక్కడికి బయల్దేరుతున్నాయట. తాత లేచి రేడియో తొడుగు సర్ది, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. ఎడారిలో యుద్ధం. చెట్టూ పుట్టా లేని చోటు. దాక్కోవాలంటే ఇసక బస్తానే దిక్కు. ఇసక వాళ్ల దగ్గర కావలసినంత ఉంది, బస్తాలే లేవు. ఇంత చక్కగా అమిరిన యుద్ధాన్ని ఆయన జీవితంలో చూడలేదు.

పైడయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. ఊరికి పడమరగా కొండ దిగువ మెట్టలో గోగు వేసే రైతు. వయసు నలభై ఉంటుంది. పొడుగ్గా, ఎప్పుడూ నవ్వబోతున్నట్టు ఉండే ముఖం. ఏటా ఆయన నార మొదటి మోపు మా గొడౌనులోనే దిగేది. తాత ఆ మోపులోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, బొటనవేలితో పోగు రాసి, "కడుగుడు బాగుందిరా" అనేవాడు. అంతే, బేరం అయిపోయినట్టు. పైడయ్యకి ఉన్న కోరిక ఒక్కటే. ఒక బావి. బావి ఉంటే మెట్ట తడుస్తుంది, గోగు మానేసి వరి వేసుకోవచ్చు, పెళ్లాం రాములమ్మ ఆ కుళ్లునీళ్లలో నిలబడక్కర్లేదు. ఆవిడ కాళ్లు ఏటా చలికాలంలో పాచి పట్టినట్టు తెల్లగా పగిలిపోయేవి.

ఆ ఏడు నార దిగగానే పైడయ్య అమ్మేద్దామని వచ్చాడు. తాత అంతవరకూ రైతుకి అమ్మమనీ చెప్పలేదు, ఆగమనీ చెప్పలేదు. వర్తకుడికి అది పనికిరాదని ఆయనే అనేవాడు. ఆ రోజు చెప్పాడు.

"ఆగరా. ఇప్పుడమ్మకు. మోపులు లోపలెట్టి ఇంటికెళ్లు. యుద్ధమొస్తాది."

పైడయ్య తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "తవరు సెప్పినాక ఇంకేటి బాబూ. ఈపాలి వొచ్చిన యుద్ధానికి నా బావయిపోవాల" అన్నాడు.

అయితే ఆ బావికి ఎడారి బావి అని పేరు పెట్టమని తాత చెప్పాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. ఈ కబురు మెట్ట అంతా పాకింది. షావుకారు ఆగమన్నాడట, ఆయన మేడ మీద జర్మనీ ఉంది కదా, ఆయనకి తెలియదా. సంక్రాంతి వచ్చేసరికి మా గొడౌను కప్పు దాకా నార పేరుకుంది. గుమ్మంలో నిలబడితే లోపల వెలుతురు పసుపుపచ్చగా ఉండేది. ఎవరి మోపులకి వాళ్ల గుర్తు, కట్టుతాడు ముడిలోనే. తాత చీకట్లో తడిమి ఇది ఫలానావాడిదని చెప్పేవాడు. పైడయ్య ఆగలేదు. నార ఆపాడు గాని బావి ఆపలేదు. మెట్టలో గొయ్యి మొదలెట్టేశాడు.

యుద్ధం మొదలైంది. ఊళ్లో పలకరింపు మారింది. రైతులు గొడౌను ముందునుంచి పోతూ, పురిటికొచ్చిన ఇంటి ఆడపిల్ల గురించి అడిగినట్టు, "యుద్ధమెలాగున్నాది బాబూ?" అని అడిగి వెళ్లేవారు. బాగానే ఉందని తాత చెప్పేవాడు. కానీ ధర కదలలేదు. రేడియోలో విమానాలు అన్నారు, బాంబులు అన్నారు, నూనె బావులు మండుతున్నాయన్నారు, బస్తాల మాట ఎత్తలేదు. తాతకి అనుమానం వచ్చింది. ఎదురింటి బ్యాంకు మేనేజరు ఇంట్లో టీవీ ఉంది. ఎవరింటి మెట్లూ ఊరికే ఎక్కని మనిషి, ఒక సాయంత్రం కండువా వేసుకుని, నన్ను తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్లాడు. యుద్ధం చూడాలని చెప్పాడు. మేనేజరుగారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, యుద్ధం చూపించాడు.

తెర మీద ఇసక. టాంకులు. నల్లటి పొగ. ఆ తర్వాత ఒక గోడలా పేర్చిన బస్తాలూ, వాటి వెనక టోపీ పెట్టుకున్న కుర్రాడూ. ఆ కుర్రాడు నవ్వుతున్నాడు. తాత కాఫీ కింద పెట్టి లేచాడు. టీవీ దగ్గరికి నడిచి, వంగి, అరచెయ్యి తెర మీద పెట్టాడు. మేనేజరుగారి భార్య షాకు కొడుతుందేమోనని ముందుకు రాబోయి ఆగింది. తాత బొటనవేలు కదులుతోంది, మోపులో పోగు రాసినట్టే. ఆ బస్తాలు వెళ్లిపోయి ఇంకేదో బొమ్మ వచ్చింది. ఆయన చెయ్యి మాత్రం ఇంకా అక్కడే ఉంది.

"మెరుస్తన్నాదిరా" అన్నాడు నాతో, మెల్లిగా. "నార కూడా మెరుస్తాది. ఇలాగ్గాదు."

నేను అర్థశాస్త్రం విద్యార్థిని. ప్రత్యామ్నాయ వస్తువు అన్న పాఠం ఆ నెలలోనే పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చేదారిలో ఆ పాఠానికీ, ఆయన చేతికీ సంబంధముందని నాకు తట్టలేదు. మర్నాడు గొడౌను ముందు ఎవరో యుద్ధం ఎలాగుందని అడిగితే తాత బాగానే ఉందన్నాడు. వేళాకోళానికి కాకుండా ఆయన అబద్ధం చెప్పగా నేను విన్నది అదే మొదలు. తర్వాత నార మిల్లుకి వెళ్లి వచ్చాడు. బయటిదేశాల నుంచి గోనెల ఆర్డర్లు ఎప్పటినుంచో తగ్గుతూ వస్తున్నాయనీ, ప్లాస్టిక్కు బస్తా చవకనీ, తడవదనీ, ఎలకలు కొరకవనీ మిల్లు మనిషి చెప్పాడట. చాలా కాలంగా తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడట. "మరి నాకెవుడూ సెప్పలేదేటి" అని తాత మామ్మతో అన్నాడు. ప్రపంచం తన ఇంటి మనిషే అయినట్టూ, తనని మాట మాత్రం అడక్కుండా ఏదో చేసేసినట్టూ అన్నాడు. మామ్మ ఆయనకి అన్నం కలిపి పెట్టింది.

యుద్ధం ఇంకా అయిపోలేదు. తాత ఒక ఉదయం చెప్పులు వేసుకుని, పైడయ్య మెట్టకి నడిచి వెళ్లాలని బయల్దేరాడు. నేనూ వెళ్లాను. గొయ్యి రెండు నిలువుల లోతు ఉంది. పైన రాములమ్మ తట్టతో మట్టి ఎత్తి పోస్తోంది. పైడయ్య అడుగున, తలగుడ్డ మట్టిరంగులో. తాత అంచున నిలబడేసరికి తల పైకెత్తి నవ్వాడు.

"బండ తగిలింది బాబూ. పేల్చాల. పేలితే నీల్లే. కింద సెమ్మున్నాది, సెవెట్టి సూసేను."

"తవ్వడం ఆపరా పైడయ్యా."

"ఏటయింది? యుద్ధం ఆగిపోనాదేటి?"

"యుద్ధం ఉన్నాది. బస్తాలు నారవి కావురా. ప్లాస్టిక్కువి."

రాములమ్మ తట్ట దించింది. కింద పైడయ్య గునపం గోతి గోడకి ఆనించాడు. తర్వాత అడిగాడు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు:

"దానికి తూటా ఆగుతాదా బాబూ?"

తాత నలభై యాభై ఏళ్లు నార మధ్య బతికిన మనిషి. ఆ ప్రశ్న తనని తను ఎప్పుడూ వేసుకోలేదనుకుంటాను.

"తూటాని ఆపీది ఇసకరా" అన్నాడు. "సంచి కాదు."

పైడయ్య నిచ్చెన ఎక్కి పైకి వచ్చాడు. తాతని కూర్చోబెట్టి కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. ఎవరో పోయినప్పుడు బంధువుల్ని చూసుకున్నట్టు మమ్మల్ని చూసుకున్నారు ఆ మొగుడూ పెళ్లాలు. ఓదార్చవలసింది ఎవరు ఎవరినో ఎవరికీ తెలియలేదు.

కొద్ది రోజుల్లో యుద్ధం అయిపోయింది. రేడియో చాలా సంతోషంగా చెప్పింది. ధర ఇంకా పడింది. తాత మిల్లువాళ్లని బతిమాలుకుని, రైతుల మోపులు ముందు బయటికి తీయించాడు, తన సరుకు వెనక్కి నెట్టాడు. వాళ్లకి వచ్చింది, చలికాలంలో అమ్మి ఉంటే వచ్చేదాంట్లో సగం లోపే. తాత సరుకు లోపలే ఉండిపోయింది. రెండు వానాకాలాలు తాగి నల్లబడి, చివరికి సోఫాల్లో కూరడానికి పనికొస్తుందని ఎవరో తీసుకుపోయారు. ఒక్క రైతు కూడా వచ్చి తాతని నిలదీయలేదు. వచ్చి తిట్టి ఉంటే ఆయన ఇంకొన్నేళ్లు బతికేవాడని మామ్మ అనేది.

పైడయ్య వేసవి మొదట్లో వచ్చాడు. భుజాన గోనె మూట, వెనక రాములమ్మ, పిల్లలు. మద్రాసులో మేడలు కడుతున్నారనీ, మనవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారనీ చెప్పాడు. మెట్ట ఎవరికో కౌలుకి ఇచ్చాడు. గొయ్యి అలాగే ఉంది. మామ్మ పిల్లల చేతుల్లో అరిసెలు పెట్టి, రాములమ్మని లోపలికి తీసుకెళ్లి కాళ్లకి ఆముదం రాసి పంపింది. తాత అరుగు మీద కూర్చుని, ఎప్పుడొస్తావురా అని అడిగాడు. అడగకూడని మాట, కానీ ఊరు వెళ్లే మనిషిని అడగకుండా ఎలా ఉంటారు.

పైడయ్య ముఖం ఎప్పటిలాగే నవ్వబోతున్నట్టు ఉంది.

"యుద్ధమొస్తే కబురెట్టండి బాబూ. వొచ్చెస్తాను."

తాత నవ్వాడు. ఎడారి బావి నాటి నవ్వే. పైడయ్య కూడా నవ్వాడు. వాళ్లు స్టేషను వైపు మలుపు తిరిగాక కూడా తాత ముఖం మీద ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఎలా తీసెయ్యాలో ఆయనకి తెలియనట్టు. ఆ రాత్రి వార్తల వేళకి రేడియో పెట్టలేదు. ఆ తర్వాత కూడా పెట్టలేదు. కంచాల చప్పుడు వినబడటం మొదలైంది మా ఇంట్లో.

తాత పోయాక గొడౌనూ, ఆ తర్వాత ఇల్లూ అమ్మేశాం. కొన్నవాళ్లు ఇల్లు పడగొట్టి కట్టుకున్నారు. జర్మనీ, కొరియా ఒకే రోజు కూలాయి. నేను ఆ చదువే ఇంకా చదివి, శ్రీకాకుళంలో లెక్చరర్నై, జీవితమంతా ఆ పాఠమే చెప్పాను. రిటైరయ్యే ముందు చెప్పిన ఆఖరి పాఠం ప్రపంచీకరణ. సరుకులూ పెట్టుబడులూ మనుషులూ దేశాల హద్దులు దాటడం, వగైరా. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "ఇది సదివితే మనకేటి లాభం సార్?" అని అడిగింది. పొగరుగా కాదు, బజార్లో వంకాయల ధర అడిగినట్టు. నేను నిర్వచనం మళ్లీ చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. జవాబు బాగాలేదని అప్పుడే తెలిసింది. బాగుంటే రాసుకోవడం మాని వినేది.

చెప్పవలసింది ఇది. మా తాతకి ప్రపంచీకరణ అనే మాట తెలియదు, సంగతి సగం తెలుసు. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ పెంకులు పడతాయని తెలుసు. ఆ సగం ఆయన ఇంటి గోడల మీదే ఉంది కదా. ఎక్కడో ఎవరో కొత్త సంచి నేస్తే ఇక్కడ బావి ఆగిపోతుందన్న రెండో సగం ఆయనకి ఎవరూ చెప్పలేదు. మామ్మకి మాత్రం తెలుసేమో, వత్తులు అందుకే వెలిగించేదేమో. తర్వాత నేను చాలాసార్లు అనుకున్నాను: ప్లాస్టిక్కు సంచులు చేసే ఏదో దూరపు ఊళ్లో, ఆ ఏడు ఎవరో మేడ మీద ఒక గది వేసుకుని ఉంటారు. మర్యాదకి దాని పేరు చీపురుపల్లి అయి ఉండాలి. వాళ్ల ఇంట్లో దేవుడి గూట్లో పైడయ్య కోసం ఎవరైనా ఒక వత్తి పెట్టారో లేదో. చదవడం అందుకు. మన గదికి ఎవరి ఊరి పేరుందో, మన ఊరి పేరు ఎవరి గదికుందో తెలుసుకోవడానికి. లాభమా అంటే, లాభమని చెప్పలేను. ఈ జవాబు పంపుదామంటే ఆ అమ్మాయి ఫోను నంబరు నా దగ్గర లేదు.

మా ఆవిడ నిద్ర లేచింది. ఓటీపీ చెప్పింది. కౌంటరు అమ్మాయి పొట్లం ఇచ్చి, వాసనకి మళ్లీ సారీ చెప్పింది. వాన వెలిసింది. స్టేషనుకి వచ్చి బెంచీ మీద కూర్చుని పొట్లం విప్పాను, లోపల ఏముందో తెలిసి కూడా. మంచి గోనె. మోచేతి దాకా చెయ్యి పెట్టడానికి సంచి చిన్నది, అయినా పెట్టి చూశాను. బొటనవేలితో రాశాను. నాకేమీ తెలియలేదు, నేను లెక్చరర్ని. అంచున కుట్టిన చిన్న గుడ్డముక్క మీద అది తయారైన దేశం పేరు ఉంది. బంగ్లాదేశ్. మామ్మ వత్తి వెలిగించిన ఊళ్లు. వాళ్ల కొంపలు తేలాయన్నమాట. ఉంటే సంతోషించేది.

పక్క బెంచీ మీద ఒక కుర్రాడి ఫోనులో వార్తలు పెద్దగా మోగుతున్నాయి. ఎక్కడో యుద్ధం జరుగుతోంది. పేర్లు మారాయి గానీ పొగ అదే. ఇప్పటికి ఎన్ని యుద్ధాలు వచ్చాయో, మేం ఒక్కదానికీ పైడయ్యకి కబురు పెట్టలేదు. చిరునామా ఎవరి దగ్గరా లేదు.

విజయనగరం వైపు నుంచి నా రైలు వచ్చింది. ఎక్కవలసినవాణ్ణి, తలుపు పక్కన నిలబడి దిగేవాళ్లని చూస్తున్నాను. భుజాన బ్యాగులు, చంకలో పిల్లలు, చేతుల్లో నీళ్ల సీసాలు. మద్రాసు వైపు పనులనుంచి తిరిగొచ్చేవాళ్లు కొందరుంటారు. పొడుగ్గా, నవ్వబోతున్నట్టుండే ముఖం కోసం చూస్తున్నానని కాసేపటికి తెలిసింది. నేను వెతుకుతున్నది నలభై ఏళ్ల మనిషినని, ఆయన ఇప్పుడు ఉంటే కర్ర పట్టుకుని నడుస్తుండాలని ఇంకాసేపటికి తెలిసింది. అందరూ దిగిపోయారు. గార్డు ఈల వేశాడు. గోనె సంచులు చంకలో పెట్టుకుని ఎక్కాను.